ఆర్థ్రోప్లూరా అంత పెద్దగా పెరగడానికి ఆక్సిజనే కారణమా?

గోదావరితీరం:
రోకలిబండలకు, జెర్రులకు దూరపు చుట్టమైన ఆర్థ్రోప్లూరా రెండున్నర మీటర్లకు పైగా పెరిగేదని, కార్బోనిఫెరస్ యుగపు (సుమారు 36–30 కోట్ల ఏళ్ల నాటి) గాలిలో ఆక్సిజన్ ఎక్కువగా ఉండడమే అందుకు కారణమని తరచుగా చదువుతుంటాం. ఈ వివరణ నిలుస్తుందా?

జీవవిద్యార్థి:
నిలుస్తుందనే నా అభిప్రాయం. కీటకాల్లోనూ రోకలిబండల్లోనూ ఆక్సిజన్ ప్రధానంగా వాయునాళాల (ఒంట్లో వ్యాపించిన సన్నని గాలి గొట్టాల) గుండానే కణజాలాలకు చేరుతుంది కాబట్టి, శరీరం పెరిగేకొద్దీ ఆ నాళాలకు మరింత చోటు కావాలి; గాలిలో ఆక్సిజన్ ఎక్కువైతే అంత చోటు అక్కర్లేదు, కాబట్టి శరీరం ఇంకా పెరగగలదు. 2007లో పెంకుపురుగులను ఎక్స్-కిరణాలతో పరిశీలించినప్పుడు, పెద్ద జాతుల్లో నాళాలు ఆక్రమించే భాగం, ముఖ్యంగా కాళ్లు శరీరాన్ని కలిసే చోట, ఎక్కువగా ఉందని తేలింది. నేడు 21 శాతం ఉన్న ఆక్సిజన్ అప్పట్లో 30 శాతం దాటిందన్న అంచనాలను, ఆ యుగం చివర్లోనే తూనీగల బంధువు మెగాన్యూరా రెక్కలు చాస్తే 65 సెంటీమీటర్లకు పైగా ఉండేదన్న సంగతిని కలిపి చూస్తే, ఇది కాకతాళీయం అనిపించదు.

రాతిపొర:
మీ శ్వాస తర్కంలో బలముంది గానీ, కాలక్రమం దానికి అడ్డుపడుతోంది. ఇంగ్లండులో నార్తంబర్లాండ్ తీరాన హౌవిక్ వద్ద 2018లో, కొండచరియ నుంచి విరిగిపడిన ఇసుకరాతి బండలో ఒక ఆర్థ్రోప్లూరా శిలాజం బయటపడింది. కేంబ్రిడ్జికి చెందిన నీల్ డేవిస్ బృందం 2021లో దాన్ని వివరించింది. దొరికింది 76 సెంటీమీటర్ల ముక్కే, అదీ బహుశా అది విడిచిన కుబుసమే. అయినా దాన్ని బట్టి ఆ జీవి సుమారు 2.63 మీటర్ల పొడవు, 55 సెంటీమీటర్ల వెడల్పు, 50 కిలోల బరువు ఉండేదని లెక్కకట్టారు. దాని వయసు 32.6 కోట్ల ఏళ్లు. ఆక్సిజన్ గరిష్ఠ స్థాయికి చేరిందని చెబుతున్న కాలం దీని తరువాతిది. మనకు తెలిసిన అతి పెద్ద నమూనా ఆ శిఖరానికి ముందే తిరుగాడిందంటే, శిఖరాన్ని దానికి కారణంగా ఎలా చూపగలం? డేవిస్ బృందం పోషకాలు దండిగా ఉన్న ఆహారాన్ని ప్రస్తావించింది. నేలపై పోటీపడే పెద్ద వెన్నెముక జీవులు ఇంకా అరుదుగా ఉండడం కూడా తోడ్పడి ఉంటుందని నేను నమ్ముతున్నాను.

జీవవిద్యార్థి:
పురాతన ఆక్సిజన్ స్థాయిలు గణిత నమూనాల లెక్కలే. ఒక్కో గణిత నమూనా ఒక్కో వక్రరేఖను ఇస్తుంది. శిఖరం ఎప్పుడన్నది అంత కచ్చితంగా చెప్పలేనప్పుడు, దానికి ముందా తరువాతా అన్న వాదన కూడా బలహీనపడదా? పైగా మీరు చెప్పే పోషకాహారానికి ఆధారమేమిటి?

రాతిపొర:
మొదటి మాట ఒప్పుకుంటాను. ఆహారం విషయంలో ఆధారం ఇంకా పరోక్షమే. ఫ్రాన్సులోని మోంసో-లె-మీన్‌లో దొరికిన పిల్ల ఆర్థ్రోప్లూరాల తలలను స్కాన్ చేసి 2024లో వెలువరించిన అధ్యయనం, శరీరం రోకలిబండను పోలినా దవడలు జెర్రిని పోలి ఉన్నాయని చూపింది. అయితే జెర్రికి ఉండే విషపు కోరల వంటివి కనిపించలేదు కాబట్టి, అది వేటాడేదన్న ఊహ కంటే కుళ్లిన మొక్కల పదార్థాన్ని తినేదన్న మాటే నాకు సబబుగా తోస్తుంది. ఆక్సిజన్ ఎదుగుదలకు అవకాశమిచ్చి ఉండవచ్చు. ఎంత ఎదగాలో నిర్ణయించింది అదొక్కటే అనడాన్నే నేను కాదంటున్నాను.