శిక్ష విటుడికే అంటున్న చట్టం: ఆమెకు మేలా, చేటా?

గోడమీదిపిల్లి:
1999లో స్వీడన్ ఒక చట్టం తెచ్చింది. లైంగిక సేవను అమ్మే స్త్రీ నేరస్థురాలు కాదు, కొనేవాడే నేరస్థుడు. తర్వాత నార్వే, ఐస్‌లాండ్, ఫ్రాన్స్, ఐర్లాండ్ అదే దారి పట్టాయి. న్యూజీలాండ్ మాత్రం 2003లో ఇద్దరినీ నేరం నుంచి తప్పించింది. నాకు స్వీడన్ పద్ధతే న్యాయంగా తోస్తోంది. మీరేమంటారు?

నిప్పురవ్వ:
నాదీ అదే మాట. ఇంటి అద్దె కట్టలేని మనిషి ‘సరే’ అంటే దాన్ని ఇష్టం అనగలమా? కొనేవాడు లేకపోతే మనుషులను అక్రమంగా తరలించి అమ్మేవాడికి బేరమే ఉండదు. జర్మనీ 2002లో ఈ వృత్తికి చట్టపరమైన హక్కులు ఇచ్చింది. చివరికి 2017లో రిజిస్ట్రేషన్, కండోమ్ తప్పనిసరి చేస్తూ ఇంకో చట్టం చేసుకోవలసి వచ్చింది.

దారిదీపం:
రాత్రిపూట కండోములు పంచే బృందంలో కొన్నేళ్లు తిరిగాను. కారు ఆగగానే ఆమె ధర మాట్లాడుతుందనుకుంటారు అందరూ. కాదు. ముందు వెనక సీటులో ఇంకెవరైనా నక్కి ఉన్నారేమో చూస్తుంది. అద్దం దించమని, మద్యం వాసన వస్తోందా అని గమనిస్తుంది. పక్కనున్న ఆమెకు వినపడేలా బండి నంబరు పైకి చదువుతుంది. దీనికంతటికీ రెండు నిమిషాలు కావాలి. పట్టుబడతానని భయపడే విటుడు ఆ రెండు నిమిషాలు ఆగడు, ‘ముందు ఎక్కు’ అంటాడు. ఖాళీ కడుపుతో ఉన్న మనిషి ఎక్కుతుంది.

ఐర్లాండ్‌ది మరీ విడ్డూరం. ఒంటరిగా పని చేసుకుంటే నేరం కాదు. తోడు కోసం ఇద్దరు ఒకే ఫ్లాట్‌లో చేసుకుంటే అది వ్యభిచార గృహం! 2019లో అలా ఇద్దరు స్త్రీలకు తొమ్మిది నెలల జైలు పడింది. వారిలో ఒకరు గర్భవతి.

నిప్పురవ్వ:
దారిదీపం గారూ, ఆ ఫ్లాట్ తప్పు వ్యభిచార గృహం నిర్వచనానిది, విటుడిని శిక్షించడానిది కాదు. నిర్వచనం మార్చమనండి, నేనూ సంతకం పెడతాను. కానీ మీకు ఎదురుపడినవాళ్లు రోడ్డు మీదికి రాగలిగినవాళ్లు. తాళం వేసిన గదిలో ఉన్న పిల్ల మీ కండోముల దాకా రాలేదు కదా.

అక్షరపక్షి:
కాస్త పక్కదారి, మన్నించాలి. ‘సెక్స్ వర్క్’ అన్న మాటను 1970ల చివర్లో వాడుకలోకి తెచ్చినది ఆ పని చేసిన కెరోల్ లీయే. ఒక సదస్సులో దీన్ని స్త్రీలను ‘వాడుకునే’ పరిశ్రమ అన్నారట. ‘వాడుకోవడం’ మగవాళ్లు చేసేది, మరి నేను చేసేది పని కదా అన్నది ఆమె అభ్యంతరం. అంతకుముందే, 1975 జూన్ 2న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఈ పని చేసే స్త్రీలు సుమారు వంద మంది ఒక చర్చిలో బైఠాయించారు. వాళ్లు అడిగింది ఉద్ధరణ కాదు. జరిమానాలు, పోలీసు వేధింపులు ఆపమని.

దారిదీపం:
నిప్పురవ్వ గారూ, తాళం వేసిన గది గురించి మీరన్నది నిజమే, నేను చూడలేదు. కానీ ఆ తాళం సంగతి ముందుగా పసిగట్టేది పక్క గదిలో ఉన్న స్త్రీ. ఆమె పోలీసులకు భయపడితే ఎవరు చెబుతారు? న్యూజీలాండ్‌లో 2014లో ఒక సెక్స్ వర్కర్ తనను లైంగికంగా వేధించిన యజమాని మీద కేసు గెలిచింది. 25,000 డాలర్ల పరిహారం వచ్చింది. తన పని నేరం కాదు కాబట్టే గడప తొక్కగలిగింది.

అలాగని ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోను. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లకు అక్కడ ఈ పని చేసే హక్కు లేదు. అందరికంటే సులువుగా మోసపోయేది వాళ్లే.

గోడమీదిపిల్లి:
నా పేరుకు తగ్గట్టే మళ్లీ గోడ ఎక్కాను. ఆ రెండు నిమిషాల మాట వదలడం లేదు. స్వీడన్ పద్ధతి ఉన్నచోట ఇలాంటి బృందాల్లో తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడి ఆడవాళ్లు ఆ రెండు నిమిషాలు ఎలా సంపాదిస్తున్నారో రాయండి.