అప్‌డేట్: బెర్ముడా లాన్‌లో తుంగ

డాలస్‌లో మా బెర్ముడా గడ్డి లాన్‌లో తుంగ ఆగడం లేదని, పీకినా మళ్లీ వస్తోందని అడిగాను కదా, చాలావరకు అదుపులోకి వచ్చింది. పీకితే గడ్డ నేలలోనే ఉండిపోతుంది, అందుకే ఫలితం లేదు. గ్లైఫోసేట్ (దాదాపు ఏ మొక్కనైనా చంపే కలుపు మందు) కొడితే గడ్డి కూడా పోతుంది.

పనిచేసింది హాలోసల్ఫ్యూరాన్ అనే తుంగ మందు. 75 శాతం పొడి అయితే 1000 చదరపు అడుగులకు 0.9 గ్రాములు, ఒక గ్యాలన్ నీళ్లలో. ముందు సగం నీళ్లు పోసి, పొడి వేసి బాగా కలిపాకే మిగతా నీళ్లు; చివర్లో నాన్ అయానిక్ సర్ఫ్యాక్టెంట్ (మందు ఆకుకు అంటుకునేలా చేసే ద్రవం) 2 టీస్పూన్లు. తుంగాకు మైనంలా నున్నగా ఉంటుంది, ఇది లేకపోతే మందు జారిపోతుంది. (గిన్నెల సబ్బు దీనికి బదులు కాదు.)

కొట్టడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు లాన్ కోయకూడదు: మందు పట్టడానికి ఆకు కావాలి, గడ్డదాకా దిగడానికి టైమ్ కావాలి. నీళ్లు లేక వాడిన తుంగ మందును సరిగా పీల్చదు. నాలుగు గంటల దాకా వాన, స్ప్రింక్లర్ తగలకూడదు.

వారం దాకా మార్పేమీ కనిపించదు, కంగారుపడి మళ్లీ కొట్టొద్దు. తర్వాత పసుపెక్కి, మూడు నాలుగు వారాల్లో ఎండింది. నిద్రలో ఉన్న గడ్డల నుంచి కొత్త మొలకలు వస్తున్నాయి. వాటికి 6 నుంచి 10 వారాల మధ్య రెండో విడత.