‘వాష్‌అవుట్’: కడిగివేతా, కొట్టుకుపోవడమా?

పోస్ట్:
ప్రోటాన్ చికిత్స (కాన్సర్ కణితిని ప్రోటాన్లతో కొట్టే రేడియేషన్) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘వాష్‌అవుట్’ దగ్గర ఆగిపోయాను. ‘కడిగివేత’ అని రాస్తే మా అక్క చదివి, "ఎవరు కడిగారు? గిన్నెలా?" అంది.

సందర్భం ఇది. ప్రోటాన్లు కణితిలోకి దూసుకెళ్లినప్పుడు అక్కడి ఆక్సిజన్-16 కేంద్రకాల్లో కొన్ని ఒక న్యూట్రాన్ పోగొట్టుకుని ఆక్సిజన్-15 అవుతాయి. అది పాజిట్రాన్‌ని, అంటే ధనావేశమున్న ఎలక్ట్రాన్ లాంటి కణాన్ని, వదులుతుంది. పాజిట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి మాయమైన చోటి నుంచి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు చెరో దిక్కుకీ పోతాయి. పెట్ స్కానర్ పట్టుకునేది వాటినే. మామూలు పెట్ స్కాన్‌కిలా విడిగా ఇంజెక్షన్ అక్కర్లేదు, చికిత్సే గుర్తు పెట్టిపోతుంది. ఆ గుర్తు రక్తంతో పాటు అక్కడి నుంచి వెళ్లిపోవడమే వాష్‌అవుట్.

కామెంట్:
‘కొట్టుకుపోవడం’ బాగుంటుంది. గట్టు, గేదె, వంతెన, అన్నీ కొట్టుకుపోతాయి మనకి.

జవాబు:
అందుకే వద్దంటాను. రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అనుకుని వచ్చే మనిషికి, లోపల ఏదో కొట్టుకుపోతోందని కూడా చెబితే ఇంకేమన్నా ఉందా!

కామెంట్:
నేను మెడికల్ ఫిజిక్స్‌లో పనిచేస్తాను. పదం కన్నా ముందు తేడా తేల్చుకోవాలి. చెరువులో నీళ్లు రెండు రకాలుగా తగ్గుతాయి. ఎండకి ఇగిరిపోతాయి, తూములోంచి పొలాలకి పోతాయి. ఆక్సిజన్-15 ఎక్కడున్నా 122 సెకన్లకి సగం అవుతుంది. అది ఇగరడం. కణితిలో 90 సెకన్లకే సగమైందనుకోండి, ఆ తొందర తూముది, అంటే రక్తానిది. లెక్క కడితే రక్తం ఒక్కటే అయితే సగం తీసుకుపోవడానికి దాదాపు 340 సెకన్లు పడుతుంది. ఆ అంకె చిన్నదైన కొద్దీ రక్త ప్రసరణ బాగున్నట్టు.

తమాషా ఏమిటంటే, ప్రోటాన్లు సరిగ్గా ఎంత లోతుకి వెళ్లాయో ఈ స్కాన్‌తో సరిచూసుకునే వాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి. రక్తం గుర్తుల్ని చెరిపేస్తుంది. వాళ్లు విసుక్కునే ఆ చెరుపే మనకి కొలత. రక్తం సరిగా అందని కణితిలో ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ బొత్తిగా లేని కణాల్ని చంపాలంటే మామూలు ఎక్స్‌రేలతో మూడు రెట్ల దాకా డోసు కావాల్సి వస్తుంది. కనుక ఆ కొలత ఊరికే పోదు.

కాకపోతే స్కాన్ వెంటనే తీయాలి. పది నిమిషాలు ఆగితే, రక్తం ఏమీ తీసుకుపోకపోయినా, ఆక్సిజన్-15 ముప్పయ్యో వంతు మిగులుతుంది. తర్వాత కనబడేది ఎక్కువగా, ప్రోటాన్ల దెబ్బకే పుట్టే కార్బన్-11, దాని అర్ధాయువు (సగమవడానికి పట్టే కాలం) 20 నిమిషాలు.

కామెంట్:
మరి ఇగరడానికి ‘క్షయం’ అందామా?

జవాబు:
వద్దు మహానుభావా, కాన్సర్ వ్యాసంలో టీబీ ఎక్కడిదంటారు. ‘విఘటనం’ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

పోస్ట్ పెట్టినవారు:
తూము మాట పట్టుకున్నాను. ‘విఘటనంతో తగ్గిన వాటా’, ‘రక్తం తీసుకుపోయిన వాటా’ అని మార్చాను. అక్కకి చదివి వినిపిస్తే గిన్నెల ఊసెత్తలేదు. ‘వాటా’ అంటే మాత్రం పొలం గొడవలా ఉందట.