అక్టోబరు పుస్తక సాయంత్రం: డ్రెస్డెన్ ఫైల్స్ – ఎవరెవరు ఏ పని చూస్తున్నారు?

సమన్వయం:
అందరికీ నమస్కారం. అక్టోబరు మూడో శనివారం, నేపర్‌విల్‌లో కలుస్తున్నాం. షికాగోలో మాంత్రికుడూ డిటెక్టివూ అయిన హ్యారీ డ్రెస్డెన్ కథలుగా జిమ్ బుచర్ రాసిన ఈ నవలల మీద మీరు పంపిన అభిప్రాయాలన్నీ రెండేసి సార్లు చదివాను. "మొదటి రెండూ చదివి ఆపేశాం" అన్నవాళ్ళే ఎక్కువ. నిజమే, 2000, 2001ల్లో వచ్చిన ఆ రెండూ చేయి తిరగని రోజుల రాతలు. వాటితో మొదలుపెడితే సగంమంది రారు. అందుకే ఏడోది, 2005 నాటి 'డెడ్ బీట్' పెట్టుకుందాం. హాలోవీన్ ముందు రోజుల కథ. మన షికాగోలోనే, పిల్లల్ని తీసుకెళ్ళే ఫీల్డ్ మ్యూజియం దాకా నడుస్తుంది. వెనకటి కథ తెలియనివాళ్ళకూ ఇబ్బంది ఉండదు. మ్యూజియంలో ఏం జరుగుతుందో మాత్రం దయచేసి ఇక్కడ ఎవరూ రాయకండి.

హాలు, కుర్చీలు:
అక్కా, హాలు 4 నుంచి 8 వరకు మనది. సర్దడానికి ఇంకో ఇద్దరు కావాలి. చదివే తీరిక లేదంటున్నవాళ్ళకు ఆడియో పుస్తకం సంగతి చెప్పండి. అరోరా నుంచి యూనియన్ స్టేషన్‌కు రోజూ రైల్లో వెళ్తూ విన్నాను. అది చదివిన జేమ్స్ మార్‌స్టర్స్ గొంతులో హ్యారీ అలసట కూడా వినిపిస్తుంది. రైలు దిగి నడిచే దారి చలికాలం సాయంత్రాల్లో నాకు కొత్తగా కనిపించింది.

పిల్లల విభాగం:
నాదొక అభ్యంతరం. ఆడమనిషి కథలోకి అడుగుపెట్టగానే ముందు ఆమె ఒంటి వర్ణనే. మర్ఫీ పోలీసు అధికారి, ధైర్యవంతురాలు. ఆమెను కాపాడుతున్నానంటూ హ్యారీ నిజాలు దాస్తాడు, దాన్ని మర్యాద అనుకుంటాడు. మా అమ్మాయికి 13 ఏళ్ళు, ఇది నేను దాని చేతికివ్వను. చర్చ 16 దాటినవాళ్ళకే పెట్టండి. చిన్నపిల్లలకు పక్క గదిలో డైనోసార్ బొమ్మల పని నేను చూసుకుంటాను.

సమన్వయం:
ఒప్పుకుంటున్నాను వదినా. 16 ఖాయం. పైగా చర్చలో మొదటి ప్రశ్న ఇదే పెడదాం. తర్వాతి పుస్తకాల్లో మర్ఫీకి దక్కాల్సిన చోటు దక్కిందని నా నమ్మకం, కానీ ఆ చూపు పూర్తిగా పోలేదు. ఇష్టమైన పుస్తకం కదా అని దీన్ని దాటేయడం నాకూ నచ్చదు.

పెద్దల తరఫున:
అమ్మా, మనవడు బలవంతపెడితే చదివాను. మన జానపద కథల్లో మాంత్రికుడంటే రాకుమారిని ఎత్తుకుపోయేవాడే. ఇక్కడ అద్దెకు తడుముకునే మాంత్రికుడు, ఫోన్ డైరెక్టరీలో పేరు వేయించుకుని పాత ఫోక్స్‌వాగన్‌లో తిరుగుతాడు! కానీ నన్ను పట్టుకున్నది గడప. ఈ కథల్లో ఇంట్లో కాపురం ఎంత నిండుగా ఉంటే గడపకు అంత బలం. పిలవకుండా దాటితే మాంత్రికుడైనా తన శక్తిని బయటే వదిలి రావాలి. ఒంటరివాడు హ్యారీ ఇంటి గడపకు బలం అంతంతమాత్రం. పిల్లలతో కళకళలాడే స్నేహితుడు మైకేల్ ఇంటికి అదే కోట. శుక్రవారం శుక్రవారం మా అమ్మ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది, దాని మీద కూర్చోనిచ్చేది కాదు. ఇక్కడ మా అబ్బాయి ఇంటి గడప ఒక అల్యూమినియం పట్టీ. కోడలు దాని పక్కన ముగ్గు స్టిక్కరు అంటించింది. దీని మీద పది నిమిషాలు మాట్లాడనిస్తారా?

సమన్వయం:
పది కాదు బాబాయిగారూ, ఇరవై తీసుకోండి. ఇన్ని అభిప్రాయాల్లో గడప మాట ఎవరూ ఎత్తలేదు. నేను అన్ని పుస్తకాలు చదివీ ఒక్కసారి కూడా అమ్మమ్మ ఇంటి గడప తలుచుకోలేదు.

భోజనాలు:
పులిహోర, మిరపకాయ బజ్జీలు, టీ. హ్యారీకి కోక్ అంటే ప్రాణం కాబట్టి అదీ తెస్తున్నాం. బజ్జీలు అక్కడికక్కడే వేయాలి, ఇద్దరు రండి.

మ్యూజియం ప్రయాణం:
మర్నాడు ఆదివారం పిల్లలతో ఫీల్డ్ మ్యూజియంలో 'సూ'ను చూడటానికి వెళ్దాం. 1990లో సౌత్ డకోటాలో దొరికిన టీరెక్స్ అస్థిపంజరం. 1997 వేలంలో ఫీల్డ్ మ్యూజియం 83 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. నవల వచ్చినప్పుడు కింద పెద్ద హాల్లో ఉండేది. 2018లో పై అంతస్తులో సొంత గదికి మార్చారు. అందుకని నేరుగా పైకి వెళ్ళండి. కార్లలో ఖాళీ సీట్లు ఎన్నో ఇక్కడ రాయండి.

యువత:
మ్యూజియం అధ్యాయం మేం చదువుతాం. హ్యారీ దగ్గర యంత్రాలు పనిచేయవు కదా, మేమూ మైకు లేకుండానే చదువుతాం. కుర్చీలు గుండ్రంగా వేయండి. వెనక ఒకే లయలో డప్పు మోగాలి. ఎందుకో చదివినవాళ్ళకు తెలుసు. బతుకమ్మకు వాడిన డప్పు ఎవరింట్లో ఉంది?

హాలు, కుర్చీలు:
మా గరాజులో ఉంది తమ్ముడూ. తోలు వదులైంది, సెగ చూపించాలి. ఆ శనివారం మూడింటికే తెచ్చేస్తా.