హైదరాబాద్ మర్ఫాలో ఆఫ్రికా లయ ఏది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మొన్న మా ఫ్రెండ్ వాళ్ల అన్న పెళ్లి బరాత్‌లో మర్ఫా అనే డ్రమ్ముల మేళం పక్కనే నడిచాను. ఒకాయన రెండు పుల్లలతో మర్ఫా వాయిస్తుంటే ఆ దెబ్బ నేరుగా గుండెల్లో తగిలింది. వాళ్లలో ఒక పెద్దాయన, "మా తాత నిజాం గుర్రపు దళంలో చేసేవారు బాబూ" అన్నారు. మన సిటీలోని ఏసీ గార్డ్స్ ఏరియా పేరుకు అర్థం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ (ఆఫ్రికన్ల గుర్రపు దళం) అని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లుగా ఆ దారినే ఆఫీసుకు వెళ్తున్నా!

అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. అమెరికాలో సౌత్ కరొలినాలో 1739 తిరుగుబాటు తర్వాత, 1740 చట్టంతో ఆఫ్రికన్ బానిసలకు డ్రమ్ములు నిషేధించారు. అయినా చప్పట్లతో, తొడల మీద చరుస్తూ, కాళ్లతో నేల తడుతూ లయను కాపాడుకున్నారు. క్యూబాలో రెండు కర్రముక్కల మీద పలికే క్లావే ఐదు దెబ్బలే అక్కడి రుంబా సంగీతం మొత్తాన్ని పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు నా సందేహం. మర్ఫాలో యెమెన్ అరబ్బుల వాయింపూ ఉంది, సిద్దీలదీ (ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల సంతతి) ఉంది. రెంటినీ చెవితో ఎలా గుర్తుపట్టాలి? పాత రికార్డింగులు ఎక్కడైనా దొరుకుతాయా? నేర్పే ఉస్తాదులు ఉంటే దయచేసి చెప్పండి. ఆ పెద్దాయన తరం ఉండగానే నేర్చుకోవాలని ఉంది.