స్ట్రోలర్ ఏది కొనాలో తేలడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

చిన్నూ అమ్మ

సాయంత్రం నుంచి స్ట్రోలర్లు, అదే పాపని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండ్లు, చూడటమే పని, తల వేడెక్కిపోయింది. ఒకటి తేలిగ్గా ఉందనుకుంటే చక్రాలు మరీ చిన్నవి. చక్రాలు బాగున్నాయనుకుంటే బండి ఎత్తలేనంత బరువు. రివ్యూలు చదివితే ఇంకా అయోమయం. ఒకే బండిని ఒకరు ఆకాశానికెత్తేస్తారు, ఆ కిందే ఇంకొకరు నెలకే బ్రేకు పోయిందంటారు. మా ఆయన్ని అడిగితే "ఏదో ఒకటి తీసుకో, అన్నీ ఒకటే" అని పడుకున్నారు.

నాకు కావాల్సింది పెద్దగా ఏమీ లేదు. తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, ఒంటిచేత్తో మడవడం రావాలి, పాపకి మూడు నాలుగేళ్లు వచ్చేదాకా పనికి రావాలి. వాడినవాళ్లు దయచేసి ఒక్క పేరు చెప్పండి. ఈ రాత్రికి ఆర్డర్ పెట్టేసి పడుకుంటాను.

నవీన్

పాప వయసెంత? మెట్లున్నాయా? కారుందా? ఇవి చెప్పకుండా పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు.

పీఎస్ రావు

అమ్మా, పేరు చూసి కొనకండి, చక్రాలు చూసి కొనండి. నేను పనిచేసిందంతా యంత్రాల దగ్గరే, అందుకే చెబుతున్నాను. బండి ఎలా నడుస్తుందో తేల్చేది చక్రమే. చిన్న చక్రం చిన్న గుంతలో కూడా దిగబడుతుంది. పేవ్‌మెంట్ పలకల మధ్య సందు ఉంటే ముందు చక్రం అందులో ఇరుక్కుని బండి ఒక్కసారిగా ఆగిపోతుంది, తోసేవాళ్లు హ్యాండిల్ మీద పడతారు. పెద్ద చక్రం అదే సందును దాటుకుని పోతుంది.

ఇక టైర్లు. గాలి టైరు కుదుపు బాగా తగ్గిస్తుంది, కాకపోతే పంక్చర్ అవుతుంది, గాలి చూసుకుంటూ ఉండాలి. లోపల ఫోమ్ నింపిన టైరుకి ఆ బాధ లేదు, మెత్తదనం కాస్త తక్కువ. ఉత్త ప్లాస్టిక్ చక్రం మాల్‌లో నున్నటి నేల మీద బాగుంటుంది, గరుకు రోడ్డెక్కితే కుదుపంతా పాప ఒంటికే చేరుతుంది. ముందు చక్రాలు అన్ని వైపులకీ తిరిగేవైతే, వాటిని నిటారుగా బిగించే లాక్ ఉందో లేదో కూడా చూడండి. కంకర మీద లాక్ వేయకపోతే చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది.

ఈ మడత బండి పుట్టిందే ఒక ఇంజనీరు చేతిలో. ఓవెన్ మక్లారెన్ అని బ్రిటన్ ఆయన, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం కింద చక్రాలు ముడుచుకునే ఏర్పాటు మీద పనిచేశారు. అదే బుర్రతో 1965లో అల్యూమినియం గొట్టాలతో గొడుగు మడత బండి తయారుచేశారు, బరువు 3 కిలోల లోపే. కీళ్లు, చక్రాలు, వాటి పొందిక. ఇవి బాగుంటే మిగతావన్నీ హంగులే.

లలిత కె

చక్రాలు సరే గానీ, పాప ఎటు చూస్తూ కూర్చుంటుందో ఎవరూ మాట్లాడరేంటి? నా లెక్కలో అదే మొదటి ప్రశ్న. చాలా బండ్లలో పిల్లలు రోడ్డు వైపు చూస్తారు, తోసే మనిషి ముఖం వాళ్లకి కనబడదు. డండీ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో దీని మీద చేసిన అధ్యయనం బయటికొచ్చింది. బిడ్డ అమ్మ వైపు తిరిగి ఉన్నప్పుడు అమ్మ బిడ్డతో మాట్లాడటం దాదాపు రెట్టింపైందని అందులో తేలింది. పసిపిల్లలకి మాటలు వచ్చేది మన ముఖం చూసే కదా. సీటు తీసి ఇటు తిప్పి పెట్టుకునే రకం కొనండి. నడక వచ్చాక, లోకం చూడాలన్న ఆత్రం మొదలయ్యాక అటు తిప్పితే సరిపోతుంది.

చిన్నూ అమ్మ

రావు గారూ, లలిత గారూ, చాలా వివరంగా చెప్పారు. కానీ నాకు ఇప్పుడు ఇంకా టెన్షన్ ఎక్కువైంది. సీటు తిరిగేవన్నీ 10, 12 కిలోలు చూపిస్తున్నాయి.

పాప అన్నాను కదా, చిన్నపిల్లే. మూడో నెల నడుస్తోంది. ఇంతసేపూ చూసి చూసి ఒకటి ఎంచుకున్నాను: గొడుగు మడత రకం, 6 కిలోలు, "ఫుల్ రిక్లైన్" అని రాశారు, 15 కిలోల దాకా పనికొస్తుందట. ఇది తీసేసుకోనా?

సుజాత పి

ఆగండి. మూడో నెల పాపకి అది వద్దు.

ఫుల్ రిక్లైన్ అని రాసినా, గొడుగు మడత బండ్లలో చాలావాటికి వీపు భాగం ఉత్త బట్టే, వెనక గట్టి పలక ఉండదు. వెనక్కి వాల్చడానికి ఒక పట్టీ, బకిల్ ఉంటాయి. పట్టీ వదిలితే బట్ట కిందికి జారుతుంది, పాప అందులో ఊయలలో పడుకున్నట్టు వంగిపోతుంది. పెద్దపిల్లలకి పర్వాలేదు. మెడ నిలవని పసిబిడ్డకి అలా వంగితే గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, ఊపిరి దారి నొక్కుకుపోతుంది. పాప ఏడవదు, ఏమీ చేయదు, నిద్రపోతోందనే అనుకుంటాం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

షాపులో చూసేటప్పుడు సీటు మొత్తం వాల్చి, అరచేత్తో మధ్యలో నొక్కండి. చెయ్యి కిందికి దిగిపోతే వద్దు. గట్టిగా, బల్లపరుపుగా ఆపితే సరే. ఆన్‌లైన్‌లో అయితే వీపు భాగాన్ని పక్క నుంచి తీసిన ఫొటో కోసం వెతకండి, ముందు నుంచి తీసిన ఫొటోలో ఏ సీటైనా చదునుగానే కనిపిస్తుంది.

వెంకట్ ఆర్

సుజాత గారు మరీ భయపెడుతున్నారు. మా వాణ్ణి రెండో నెల నుంచీ అలాంటి బండిలోనే తిప్పాం, ఏమీ కాలేదు. పైగా ఫుల్ రిక్లైన్ అంటేనే పూర్తిగా పడుకోబెట్టడం. కంపెనీ వాళ్లు ఊరికే రాస్తారా?

నవీన్

ఊరికే రాస్తారు. ఫుల్ రిక్లైన్ అంటే ఆ సీటు ఎంత వాలగలదో అంతా అని. పూర్తి చదునంటే 180 డిగ్రీలు. 130 డిగ్రీలే వాలే సీటుకి 130 డిగ్రీలే ఫుల్.

వెంకట్ ఆర్

మాటల గారడీ ఇది. 170 డిగ్రీలున్న బండి కూడా పూర్తి చదును కాదు మరి, దాన్నీ వద్దంటారా?

సుజాత పి

వద్దనను. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం పుట్టినప్పటి నుంచీ వాడొచ్చని చెప్పాలంటే సీటు కనీసం 150 డిగ్రీలు వాలాలి. అది కనీస హద్దు. మొదటి నెలల్లో పాప ఎక్కువసేపు అందులోనే పడుకునే పనైతే క్యారీకాట్ మేలు, అంటే ఫ్రేమ్ మీద పెట్టుకునే, అడుగు పూర్తి చదునుగా ఉండే తొట్టి. మీ బాబుకి ఏమీ కాకపోవడం సంతోషమే వెంకట్ గారూ, కానీ మూడో నెల పాప ఉన్నావిడకి అది చూపించి ధైర్యం చెప్పకూడదు.

చిన్నూ అమ్మ గారూ, అట్ట పెట్టె మీద గానీ బండికి కుట్టిన లేబుల్ మీద గానీ "6 నెలలు నిండినవారికి" అని ఉందేమో చూడండి. ఉంటే ఇంకేం ఆలోచించకండి, అది ఇప్పటికి మీ బండి కాదు.

వెంకట్ ఆర్

అయితే గొడవే వద్దు. ట్రావెల్ సిస్టమ్ తీసుకోండి. కారు సీటునే ఫ్రేమ్ మీద టక్కున బిగించొచ్చు, నిద్రపోయిన పాపని లేపక్కర్లేదు.

సుజాత పి

కారులోంచి దించి కాసేపు పని చూసుకుని రావడానికి అది బాగానే ఉంటుంది. గంటల తరబడి నిద్రకి మాత్రం కాదు. కారు సీటు ప్రమాదంలో కాపాడటానికి చేసింది, అందులో పాప సగం కూర్చున్నట్టే ఉంటుంది. రెండు గంటలకి మించి ఉంచవద్దని సాధారణంగా చెబుతారు, పసివాళ్లకి అంతకంటే తక్కువే మంచిది. ఇంటికి రాగానే తీసి పక్క మీద పడుకోబెట్టాలి.

అనూష

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఏ బండి కొన్నా ఒక్క మాట: ఎండగా ఉందని పైన గుడ్డ కప్పకండి. పల్చటి గుడ్డే కదా అనిపిస్తుంది, కానీ లోపల గాలి ఆడదు. 2014లో స్వీడన్ పత్రిక ఒకటి ఎండలో పిల్లల బండి నిలిపి లోపలి వేడి కొలిపించింది. గుడ్డ లేనప్పుడు 22 డిగ్రీలు, కప్పాక అరగంటలో 34, గంటకి 37. నేను రోడ్డు మీద ఇలా కప్పిన బండి చూసినప్పుడల్లా ఆగి చెబుతాను, కొందరికి కోపం వచ్చినా సరే. టాప్ బాగా ముందుకి వచ్చేది, వెనక జాలీ కిటికీ ఉన్నది తీసుకోండి.

పీఎస్ రావు

అనూషమ్మ చెప్పింది నిజం. దానికి తోడు కీళ్ల సంగతి కూడా. మడిచేటప్పుడు, తెరిచేటప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు. 2009లో అమెరికాలో దాదాపు 10 లక్షల మడత బండ్లని ఒక్కసారే వెనక్కి పిలిచారు, కారణం కీలులో పడి పిల్లల వేళ్ల చివర్లు తెగిపోవడం. తర్వాత ఆ కీళ్లకి తొడుగులు ఇచ్చారు. పాతది ఎవరైనా ఇస్తామంటే ఆ మోడల్‌ని వెనక్కి పిలిచారేమో చూసుకోండి. బ్రేకు వేసి తోసి చూడండి, తెరిచాక లాక్ క్లిక్‌మని పడుతోందో లేదో వినండి. కీళ్లకి వంటనూనె రాయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. సిలికాన్ స్ప్రే వాడాలి.

చిన్నూ అమ్మ

బాబోయ్. సరే, ఆ గొడుగు బండి మానేశాను. క్యారీకాట్ పెట్టుకునే పెద్ద బండి చూశాను, 13 కిలోలు. దీన్ని మా అమ్మ కిందికీ పైకీ ఎలా మోస్తుందా అని ఇప్పుడు ఆ దిగులు. పగలు నేను ఆఫీసులో ఉంటాను, పాపని తిప్పేది అమ్మే. ఆవిడకి నడుం నొప్పి.

నవీన్

పైకి అంటే? ఎన్నో అంతస్తు?

చిన్నూ అమ్మ

రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు.

నవీన్

మొదట అడిగింది అదే. 13 కిలోల బండి, 6 కిలోల పాప. ఆవిడ మోయలేరు. పెద్ద బండి వద్దు.

సుజాత పి

ఇది తెలిశాక లెక్క మొత్తం మారిపోయింది. లలిత గారూ, రావు గారూ, మీరు చెప్పినవి మంచివే, కానీ ఈ ఇంట్లో ముందు చూడాల్సింది అమ్మగారి నడుము.

ముందు ఒకటి అడుగుతాను. మెట్ల కింద బండికి గొలుసు వేసి పెట్టుకునే చోటుందా? ఉంటే బరువు పెద్ద సమస్య కాదు, క్యారీకాట్ రకం తీసుకుని ఫ్రేమ్ కిందే ఉంచండి. అమ్మగారు పాపని ఎత్తుకుని దిగి, కింద పడుకోబెట్టుకుంటారు.

చోటు లేకపోతే ఇంకో మూడు నెలలు బండి జోలికే వెళ్లకండి. పాపని గుండెకి కట్టుకునే క్యారియర్ వాడుకోండి, అది కూడా మీరు ఇంట్లో ఉన్నప్పుడు మీరే. పాప ముఖం పూర్తిగా కనబడుతూ ఉండాలి, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టుకునేంత పైకి ఉండాలి, గడ్డం ఛాతీకి అంటకూడదు. ఆసరా లేకుండా కూర్చోవడం వచ్చాక, అంటే సుమారు ఆరో నెల దాటాక, 6, 7 కిలోల చిన్న మడత బండి కొనండి. మీకు కావాల్సిన ఒంటిచేతి మడత అప్పుడు నిజంగా అక్కరకొస్తుంది.

హ్యాండిల్ ఎత్తు కూడా అమ్మగారి చేతే చూపించండి. తోసేటప్పుడు వీపు నిటారుగా, మోచేతులు కాస్త వంగి ఉండాలి. వంగి తోయాల్సి వస్తే వారంలో నొప్పి పెరుగుతుంది. ఇంకోటి, మెట్ల దగ్గర సీటు ముందున్న అడ్డ కడ్డీ పట్టుకుని బండి ఎత్తనివ్వకండి. అది చాలా బండ్లలో ఊడి చేతికొచ్చేదే, బరువు మోయడానికి పెట్టింది కాదు. పాపని ముందు పైకి చేర్చి, బండి తర్వాత.

లలిత కె

ఆ చిన్న మడత బండ్లలో పాప అటువైపే చూస్తుంది కదా. ఆరో నెల అంటే అమ్మమ్మ ముఖం చూడాల్సిన వయసు. తేలికలోనే రెండు వైపులా తిరిగే సీటు ఉన్నవి కూడా వస్తున్నాయి, వెతకండి.

వెంకట్ ఆర్

విమానంలో పైన పెట్టుకోవడానికి సరిపోయేది చూసుకుంటే రెండు పనులూ అవుతాయి. క్యాబిన్ బ్యాగుకి 56×45×25 సెంటీమీటర్లు అని విమాన సంస్థల సంఘం ఐఏటీఏ కొలత ఉంది. ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది, ముందే అడగాలి.

నవీన్

ఆవిడ విమానం గురించి అడగలేదు.

పీఎస్ రావు

అమ్మా, కూర్చునే వయసు వచ్చాక కొన్నా బెల్టు మాత్రం ఐదు చోట్ల పట్టేదే తీసుకోండి. రెండు భుజాలు, రెండు పక్కలు, కాళ్ల మధ్య ఒకటి. నడుముకి మాత్రమే ఉన్న బెల్టులోంచి పిల్లలు లేచి నిలబడతారు, కాళ్ల మధ్య పట్టీ లేకపోతే కిందికి జారిపోతారు. సంచులు హ్యాండిల్‌కి తగిలించకండి, పాపని ఎత్తగానే బండి వెనక్కి పడుతుంది. తేలిక బండి అయితే మరీను.

చిన్నూ అమ్మ

కింద సైకిళ్ల పక్కన కాస్త చోటుంది, ఓనర్ గారిని అడగాలి. పాప లేచింది, ఉంటాను. అందరికీ థాంక్స్ అండీ.

సుజాత పి

అడిగి ఏమన్నారో చెప్పండి. క్యారీకాట్ అయితే అడుగు భాగం గట్టిగా ఉందో లేదో చూడటం మరవకండి.

కవలల నాన్న

మాదీ ఇదే సమస్య, కాకపోతే ఇద్దరు. పక్కపక్క సీట్లు మేలా, ఒకదాని వెనక ఒకటా?

నవీన్

వేరే పోస్ట్ పెట్టండి. మీ తలుపుల వెడల్పు కొలిచి, పిల్లల వయసు రాసి పెట్టండి.