కొనేవాళ్ళ సభ్యత్వ పథకంలో చేనేత చీరలు పెట్టాలా వద్దా? నెలాఖరులోపు చెప్పాలి

నేతింటి కోడలు, మంగళగిరి

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. ఆరేళ్ళుగా ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతున్నాను. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి, బయట ఇంకో తొమ్మిది మంది మాకు నేసిస్తారు. ఎక్కువగా నిజాం బోర్డర్ (అంచులో గోపురాల వరస ఉండే) కాటన్ చీరలే. మేం అమ్మే సైట్ పేరు రాయను, ఇంటి ఖర్చులన్నీ ఆ ఖాతా మీదే నడుస్తున్నాయి.

ఆ సైట్‌లో కొనేవాళ్ళకు కొత్తగా సభ్యత్వం పెట్టారు. ఏడాదికి ఇంత అని కడితే డెలివరీ ఉచితం, రిటర్న్ కూడా ఉచితం. అందులో మన సరుకు ఉంటే ఫోటో కింద చిన్న గుర్తు వస్తుంది. ఆ గుర్తు కావాలంటే మనకు రెండు దారులు: సరుకు హైదరాబాద్ దగ్గరి వాళ్ళ గోడౌన్‌కు పంపడం, లేదా మధ్యాహ్నం ఒంటిగంటలోపు వచ్చిన ఆర్డర్ అదే రోజు ఇంటి దగ్గర పికప్‌కు ఇవ్వడం. పండక్కి ముందు నన్ను ట్రయల్ కింద రెండో దారిలో చేర్చారు. రెండు నెలలు అయింది. ఉంటావా, వెళ్తావా అని ఇప్పుడు అడుగుతున్నారు.

నిన్న రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఒక చీర ధర రూ.1,850. కమీషన్ రూ.222, ఫిక్స్‌డ్ ఫీజు రూ.40, షిప్పింగ్ రూ.95. వీటి మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.421 పోతుంది. టీసీఎస్, టీడీఎస్ (సైట్ వాళ్ళు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే జీఎస్టీ, ఆదాయపు పన్ను) పట్టుకుని బ్యాంకులో పడేది రూ.1,418. నూలు, జరీ, రంగు, మజూరీ అన్నీ కలిపి చీర నాకు పడేది రూ.1,150. కవరు, అట్ట, టేపు రూ.22. జీఎస్టీ లెక్కలు సర్దుకోగా మిగిలేది రూ.230. ట్రయల్‌కు ముందు కొనేవాళ్ళు డెలివరీకి ఇచ్చే రూ.60 కూడా నా ఖాతాలోకే వచ్చేది కాబట్టి అప్పుడు దాదాపు రూ.280 మిగిలేది.

ఇక రిటర్న్ సంగతి. చీర వెనక్కొస్తే పోనూ రానూ ఛార్జీలు నా మీదే, ఎంత లేదన్నా రూ.240. అంటే ఒక చీర వెనక్కొచ్చిందంటే, ఇంకో చీర అమ్మి మిగుల్చుకున్నది దానికే సరి.

ట్రయల్‌కు ముందు నెలకు 70 ఆర్డర్లు, 4 రిటర్న్‌లు. 66 చీరలకు రూ.18,480, అందులో రిటర్న్‌లకు రూ.960 తీసేస్తే రూ.17,520. ట్రయల్‌లో నెలకు 118 ఆర్డర్లు, 21 రిటర్న్‌లు. 97 చీరలకు రూ.22,310, రిటర్న్‌లకు రూ.5,040 పోగా రూ.17,270. 48 పార్శిళ్ళు ఎక్కువ కట్టాను, చేతికొచ్చింది రూ.250 తక్కువ. మూడుసార్లు కూడి చూశాను, అంతే వచ్చింది.

పాడైపోయి వచ్చినవి ఈ లెక్కలోకి రాలేదు. పోయిన వారం ఒక ఆకుపచ్చ చీర వెనక్కి వచ్చింది. కవరు విప్పగానే అత్తరు వాసన. మడత మా మడత కాదు. చేనేత అని తెలిపే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ కత్తిరించి ఉంది. వరండాలో వెలుతురుకు పట్టి చూస్తే కుచ్చిళ్ళ వైపు అంచు పొడుగునా సూది బెజ్జాలు. ఫాల్ కుట్టించుకుని, కట్టుకుని, ఫాల్ విప్పేసి పంపారు. కారణం దగ్గర 'రంగు నచ్చలేదు' అని ఉంది. క్లెయిమ్ పెట్టాను, ఫోటోలో లోపం కనిపించడం లేదని కొట్టేశారు. సూది బెజ్జం సెల్‌ఫోన్ ఫోటోలో ఎక్కడ కనిపిస్తుంది? ఆ చీర నేసిన బాబాయికి అరవై రెండేళ్ళు. మజూరీ ఆయనకు ఎప్పుడో ఇచ్చేశాం, అది వేరే సంగతి. కానీ చీర చూసి 'ఏం తప్పు చేశానమ్మా' అని ఆయన అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఒంటిగంట నియమం ఇంకో కష్టం. వానాకాలంలో గుంటలోకి చెమ్మ ఊరితే మగ్గం ఆపేస్తాం. లిస్టింగ్‌లో ఆరు చీరలున్నాయని పెడితే చేతిలో నాలుగే ఉంటాయి. ఆలస్యమైతే జరిమానా పడుతుంది.

మరోవైపు గుర్తు పోతే సెర్చ్‌లో కిందికి వెళ్ళిపోతానని భయం. ట్రయల్‌కు ముందు వారంలో, గుర్తు లేనప్పుడు, ఆర్డర్లు పడిపోవడం చూశాను. ఇలాంటి పథకంలో ఉన్నవాళ్ళు, వదిలేసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

ఏటికొప్పాక లక్కబొమ్మ

నమస్తే అక్కా. నేను వేరే సైట్‌లో ఇలాంటి పథకంలోనే రెండేళ్ళుగా ఉన్నాను. నాకు మంచే జరిగింది, ఎందుకో చెప్తాను. నావి అంకుడు కర్రతో చేసిన చిన్న సరుకులు. బొంగరం రూ.180, కుంకుమ భరిణె రూ.240. రూ.180 బొంగరానికి రూ.50 డెలివరీ అంటే ఎవరు కొంటారు? చూసి వెళ్ళిపోయేవాళ్ళు. సభ్యత్వం వచ్చాక ఆ అడ్డు పోయింది, ఇప్పుడు పిల్లల బొమ్మలతో పాటు భరిణె కూడా వేసుకుంటున్నారు. బొమ్మను కట్టుకుని చూసి వెనక్కి పంపేది ఉండదు కదా, నాకు రిటర్న్‌లు వందకు రెండో మూడో. అవీ దారిలో విరిగినవే.

మీ లెక్క చూస్తే మిమ్మల్ని ముంచుతోంది డెలివరీ కాదు, రిటర్న్. కాబట్టి అన్నీ కలిపి ఒకే నిర్ణయం తీసుకోవద్దు. వెనక్కి రాని సరుకు ఏదైనా ఉంటే అది లోపల పెట్టండి. మీ దగ్గర దుపట్టాలు, తువ్వాళ్ళు ఉండవా?

గోడౌన్ దారి గురించి ఒక మాట. నేను మొదట్లో ఆశపడి 300 బొమ్మలు పంపాను. దసరాకు సగం పోయాయి, మిగతావి అక్కడే నెలల తరబడి కూర్చున్నాయి. నిల్వ ఛార్జీ నెలనెలా కోశారు. ఆఖరికి డబ్బు కట్టి వెనక్కి తెప్పించుకుంటే, లక్క మెరుపు మీద టేపు అతికించి పంపారు. ఆ రంగు గింజలతో, బెరళ్ళతో తీసింది, గీరితే పోతుంది. ఇప్పుడు మూడు వారాలకు సరిపడా మాత్రమే పంపుతున్నాను.

జీఎస్టీ పనులు చూస్తాను, విజయవాడ

అమ్మా, గోడౌన్ వైపు వెళ్ళేముందు పన్ను సంగతి తెలుసుకోండి. మీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌ది. సరుకు తెలంగాణ గోడౌన్‌లో నిల్వ పెట్టి అక్కడి నుంచి అమ్మాలంటే తెలంగాణలో విడిగా జీఎస్టీ నంబరు తీసుకోవాలి. మీ నంబరు నుంచి మీ నంబరుకే పంపినా చట్టం దృష్టిలో అది సరఫరానే. ఇన్‌వాయిస్ రాసి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద వేసే జీఎస్టీ) వేయాలి, విలువ రూ.50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) ఉండాలి. ఆ పన్ను అవతలి నంబరులో, కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి పోదు, కానీ డబ్బు కొన్నాళ్ళు ఇరుక్కుంటుంది. పైగా రెండు రాష్ట్రాలకూ జీఎస్టీ రిటర్న్‌లు దాఖలు చేయాలి. నెలకు 70 చీరలకు అంత బరువు అవసరమా అన్నది ఆలోచించండి.

ఇంకో సంగతి. వెనక్కొచ్చిన ప్రతి చీరకూ క్రెడిట్ నోట్ (ఆ అమ్మకం రద్దయిందని చూపే పత్రం) వేస్తున్నారా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది వేయరు. వేయకపోతే అమ్మని చీరకు పన్ను కట్టినట్టే. టీసీఎస్ 2024 జులై నుంచి అర శాతానికి తగ్గింది, అదే ఏడాది అక్టోబరు నుంచి టీడీఎస్ 0.1 శాతం. చిన్న మొత్తాలే, కానీ టీసీఎస్ డబ్బు జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్ళి మీరు అంగీకరించే దాకా మీ నగదు లెడ్జర్‌లో పడదు. చూసుకోండి.

చేరకపోతే ఏమైనా చేస్తారేమోనన్న భయం ఉంటే: విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లకు 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలవుతున్న నిబంధనలు ఉన్నాయి. అమ్మకం ధరను వాళ్ళు ప్రభావితం చేయకూడదు, అమ్మేవాళ్ళకు ఇచ్చే సేవల్లో తేడా చూపకూడదు, తమ దగ్గరే అమ్మాలని షరతు పెట్టకూడదు. కాబట్టి వేరే చోట కూడా నిశ్చింతగా పెట్టుకోండి.

కొనేదాన్ని, బెంగళూరు నుంచి

అక్కా, నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. అయినా రాయాలనిపించింది. సభ్యత్వానికి డబ్బు కట్టాక, అది రాబట్టుకోవాలని ఉంటుంది. అందుకే ఏది కావాలన్నా ముందు అక్కడే వెతుకుతాను, గుర్తు ఉన్నవి మాత్రమే చూపించమని పెట్టేస్తాను. అమెజాన్ ప్రైమ్ 2016 జులైలో మన దేశంలో మొదలైనప్పుడు ఏడాదికి రూ.499 కట్టి చేరాను. తర్వాత అది రూ.1,499 అయినా వదల్లేదు, అలవాటైపోయింది. కాబట్టి గుర్తు లేకపోతే మీరు నాలాంటి వాళ్ళకు కనిపించరు. అది నిజం, దాచను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఏ సైట్‌లోనైనా రిటర్న్ ఉచితం అంటే మూడు చీరలు తెప్పించి, ఒకటి ఉంచుకుని, రెండు వెనక్కి పంపుతాను. కట్టుకుని పంపలేదు ఎప్పుడూ, దేవుడి మీద ఒట్టు. కానీ నేను వెనక్కి పంపిన ఒక్కో చీరకు అమ్మినవాళ్ళకు రూ.240 పోతుందని ఇవాళే తెలిసింది. యాప్‌లో ఉచితం అని ఉంటే కంపెనీయే భరిస్తోందనుకున్నాను. క్షమించండి.

నేను ఎందుకు మూడు తెప్పిస్తానంటే ఫోటోలు నమ్మలేక. స్టూడియో లైట్లలో తీసిన ఆకుపచ్చ ఇంటికొస్తే వేరే ఆకుపచ్చ. మీరు వరండా వెలుతురులో చీర విప్పి, పల్లూ, అంచు, వెనక వైపు చూపిస్తూ అర నిమిషం వీడియో పెడితే ఒక్కటే తెప్పిస్తాను. దానికి రూ.60 డెలివరీ ఇవ్వమన్నా ఇస్తాను.

పోచంపల్లి చిటికి

అక్కా, మా దగ్గర కూడా గిట్లనే అయింది. పెళ్ళిళ్ళ సీజన్‌ల పట్టుచీరలు కట్టుకొని వాపస్ పంపిండ్రు. గప్పటి సంది నేను ఒక పని చేస్తున్న. అరచేయంత అట్ట ట్యాగు చేయించిన, 'ఇది తీస్తే వాపస్ తీసుకోము' అని తెలుగుల, ఇంగ్లిష్‌ల, హిందీల రాయించిన. దాన్ని పల్లూ మీద, భుజం కాడికి వచ్చేటట్టు, తెంపితేనే ఊడే ప్లాస్టిక్ దారంతోని కడుత. మూల మీద కట్టకు, లోపలికి దోపుకుంటరు. ట్యాగు ఉండంగ చీర కట్టుకొని ఫంక్షన్‌కు పోలేరు. లిస్టింగ్‌ల కూడా ట్యాగు ఫోటో పెట్టిన. పార్శిల్ కట్టేటప్పుడు ట్యాగు నంబరు కనవడేటట్టు వీడియో తీసి ఉంచుకుంట. క్లెయిమ్‌ల గా వీడియో పెడితే ఈ ఏడాది ఐదింటిల నాలుగింటికి పైసలు వచ్చినయి.

నేతింటి కోడలు, మంగళగిరి

అందరికీ చాలా కృతజ్ఞతలు. నిజంగా ధైర్యం వచ్చింది.

ఏటికొప్పాక తమ్ముడూ, నువ్వు అడిగాక దుపట్టాల లెక్క విడిగా తీశాను. రెండు నెలల్లో 31 పోతే వెనక్కొచ్చింది ఒక్కటే. దుపట్టా ధర రూ.550, డెలివరీ విడిగా అడిగినప్పుడు నెలకు నాలుగైదు మించి పోయేవి కాదు. చీరల లెక్క ఒక్కటే చూడటం వల్ల ఇది నాకు కనిపించలేదు. దుపట్టాలు ఎప్పుడూ చేతిలో నలభై యాభై ఉంటాయి, ఒంటిగంట నియమంతో కూడా ఇబ్బంది లేదు.

అందుకని దుపట్టాలు, తువ్వాళ్ళు పథకంలో ఉంచుతున్నాను, చీరలు బయటికి తీస్తున్నాను. సరుకు వారీగా ఎంచుకోవచ్చా అని సపోర్ట్‌కు ఫోన్ చేసి అడిగాను, ఎంచుకోవచ్చట. గోడౌన్ ఆలోచన మానుకున్నాను. విజయవాడ అన్నగారూ, క్రెడిట్ నోట్లు మా ఆడిటర్ వేస్తున్నారు కానీ టీసీఎస్ అంగీకరించడం అయిదు నెలలుగా ఆగిపోయింది. ఇవాళ చేయించాను.

బెంగళూరు చెల్లీ, క్షమించమని అడగాల్సింది నువ్వు కాదమ్మా. నీకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నీ మాట విని ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి, ఎండ ముదరకముందు, వరండాలో తాడు కట్టి చీరలు ఒక్కొక్కటే ఆరేసి వీడియోలు తీశాం. బాబాయే పల్లూ పట్టుకుని నిలబడ్డారు. అంచులో గోపురాల వరస దగ్గర ఫోన్ ఆపమని ఆయనే చెప్పారు, అక్కడే చెయ్యి తెలుస్తుందట. పదకొండు చీరలు అయ్యాయి, ఇంకా ఇరవై మూడు ఉన్నాయి.

పోచంపల్లి తమ్ముడూ, ఆ ట్యాగులు ఎక్కడ చేయించావు, వందకు ఎంత పడింది? ప్లాస్టిక్ దారం కాటన్ చీరకు బెజ్జం పెడుతుందా? పట్టు నేత బిగువుగా ఉంటుంది, మాది 80ల (సన్న) నూలు, లాగితే పోగు పక్కకు జరుగుతుంది. నీ దగ్గర కాటన్ చీర మీద కట్టింది ఏదైనా ఉంటే ఒక ఫోటో పెట్టు.